ముప్పై శాతం కుళ్ళు

తుమ్మలమిట్టలో నిమ్మకాయలు కుళ్ళడం లేదన్న ఫిర్యాదు ఫిబ్రవరి నెలాఖరున సూక్ష్మజీవ సస్యరక్షణ మండలి జిల్లా కార్యాలయానికి చేరింది.

ఫిర్యాదు చేసింది మనిషి కాదు, ఒక ఫారం. ఆ ఏడాది మండలి వారు కాయకుళ్ళు మీద ఈస్టును ప్రయోగించాలని తీర్మానించారు. ఈస్టు అంటే కంటికి ఆనని చిన్న జీవి. పిండిని పులియబెట్టేదీ, రొట్టెను పొంగించేదీ అదే. దాన్ని నీళ్ళలో కలిపి కాయల మీద చల్లితే, బూజు రాకముందే వెళ్ళి తొక్క మీది గీతల్లో కూర్చుంటుంది. అక్కడ ఊరిన రసం కాస్తా తాగేస్తుంది. వెనక వచ్చిన బూజుకి తినడానికేమీ మిగలదు. విషపు మందులతో పని లేదు. మండలి పుట్టిన దగ్గర్నుంచి ఇంత మంచి ఆలోచన ఎవరికీ రాలేదు కాబట్టి, దానికి వెంటనే ఒక పథకం, పథకానికి ఒక ఫారం, ఫారంలో పదకొండు గడులు ఏర్పాటు చేశారు. అందులో ఏడో గడి “ప్రస్తుత కుళ్ళు శాతం”. ముప్పై గానీ ఆపైన గానీ ఉంటే ఊరు పథకానికి అర్హం. తుమ్మలమిట్ట ఫారంలో ఏడో గడిలో సున్నా ఉంది.

జాయింట్ డైరెక్టర్ త్రివిక్రమరావు గారు ఆ సున్నాని కళ్ళజోడు పెట్టుకుని ఒకసారి, తీసి ఒకసారి చూశారు.

“ఈ గడి నింపలేదు” అన్నారు.

“నింపారు సార్. సున్నా” అన్నాడు గుమస్తా.

“సున్నా అంటే నింపనట్టే.”

మామూలుగా అయితే ఆ ఊరి పేరు కొట్టేసి పక్క ఊరి పేరు రాసుకోవచ్చు. కానీ తుమ్మలమిట్ట హైవేని ఆనుకుని ఉంది. రాజధాని నుంచి వచ్చే బృందం కారు దిగి పదడుగులు వేస్తే నిమ్మతోటలో ఉంటుంది. అందుకని దాన్నే ఆదర్శ ఈస్టు గ్రామంగా ఎంపిక చేసి, జాబితా పైకి పంపేశారు. పైకి వెళ్ళిన జాబితా కిందికి రావడం ఆ ఆఫీసులో ఎవరూ చూడలేదు.

“క్షేత్రస్థాయిలో వాస్తవ కుళ్ళును నిర్ధారించి నివేదిక సమర్పించండి” అని త్రివిక్రమరావు గారు క్షేత్ర సహాయకుడు చెంచురామయ్యను పంపారు.

చెంచురామయ్య బక్కపలచటి మనిషి. రిటైర్మెంటుకి రెండేళ్ళుంది. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఒక్క నియమం కూడా దాటలేదు. నియమావళి పుస్తకాన్ని అన్నం క్యారియరుతో పాటు ఒకే సంచీలో పెట్టుకుని తిరగడం వల్ల దాని అట్టకి పులుసు మరకలుండేవి.

ఆయన వచ్చేసరికి పెంచలమ్మ ఊరందరి కాయల పాకలో కూర్చుని నిమ్మకాయలు ఏరుతోంది. ఆమెకి యాభై రెండేళ్ళు, ఎకరంన్నర నిమ్మతోట. భర్త పోయి తొమ్మిదేళ్ళయింది. చెట్టు నిమ్మ కాబట్టి ముంజేతుల నిండా ముళ్ళ గీతలు, పాతవి తెల్లగా, కొత్తవి ఎర్రగా. పక్కనే మస్తానయ్య దబ్బనంతో బస్తాల మూతులు కుడుతున్నాడు. అతనిదీ ఎకరం తోటే. నోరు మాత్రం పదెకరాల పెట్టు.

నూరు కాయల గంప ఒకటి చూస్తే ఊరంతా చూసినట్టే అని నియమం. చెంచురామయ్య ఒక గంప ముందుకి లాక్కుని నూరు కాయలూ తిప్పితిప్పి చూశాడు. మళ్ళీ మొదటి నుంచి చూశాడు. తుండుగుడ్డతో మొహం తుడుచుకున్నాడు.

“ఒక్కటి గూడా లేదా అమ్మా?”

“ఏంది సారూ?”

“కుళ్ళింది.”

పెంచలమ్మ సిగ్గుపడింది. ఇంటికొచ్చిన మనిషి అడిగింది ఇవ్వలేకపోవడం ఆమెకి అలవాటు లేదు.

“ఇప్పుడైతే లేదు సారూ.”

“కావాలంటే చెప్పండి, పక్కూరి నించి తెప్పిస్తాం” అన్నాడు మస్తానయ్య దారం కొరుకుతూ. “వాళ్ళకాడ పుష్కలంగా ఉండాది.”

ఆ మాట తమాషాకి అన్నదే. తర్వాత చాలా రోజులు మస్తానయ్య ఆ మాట తలుచుకుని తన నోటిని తానే తిట్టుకున్నాడు.

“ఎందుకు కుళ్ళడం లేదు?” అని అడిగాడు చెంచురామయ్య. ఆ ప్రశ్నకి ఫారంలో గడి లేదు గానీ ఆయనకి తెలుసుకోవాలనిపించింది.

పెంచలమ్మ ఆయన్ని వంటింటి గుమ్మం దగ్గరికి తీసుకెళ్ళి కలికుండ చూపించింది. బియ్యం కడిగిన నీళ్ళు, వార్చిన గంజి రోజూ పోసి పులవనిచ్చే కుండ అది. పొద్దున్నే నాలుగు గరిటెలు తోడుకుని తాగుతారు, తోడినంతా మళ్ళీ పోస్తారు. కుండ ఎన్నడూ ఖాళీ కాదు. పైన తెల్లటి తెట్టు కడుతుంది, చిన్న చిన్న బుడగలతో నురగ లేస్తుంది. ఆ తెట్టు తీసి తొట్టి నీళ్ళలో కలిపి, అందులో ఒకసారి ముంచిన కాయలే తుమ్మలమిట్టలో బస్తాకెక్కుతాయి.

“ఎవరు చెప్పారు ఇట్ట చెయ్యమని?”

“మాయత్త. ఆమెకి వాళ్ళత్త. నేను కాపరానికొచ్చిన మూడోనాడే ఈ కుండ నా చేతికిచ్చేసింది. బీరువా తాళాలియ్యడానికి మాత్రం ఇరవై ఏళ్ళు పట్టింది.” పెంచలమ్మ మూత తీసి గరిటెతో కలిపింది. “కాయ మీద ముల్లు గీత పడితే ఆడ రసం ఊరతాది గదా సారూ. అది ఒక విస్తరనుకో. ముందొచ్చినోళ్ళు బంతిలో కూర్చుని శుభ్రంగా తినేసి లేస్తే, ఆలీసంగా వచ్చినోడికి ఏముంటాది? బూజైనా అంతే.”

మండలి వారు నలభై పేజీల కరపత్రంలో చెప్పింది ఇదే. చెంచురామయ్య ఆనందం పట్టలేకపోయాడు. నమూనా కావాలన్నాడు. పెంచలమ్మ కాఫీపొడి సీసా ఒకటి కడిగి, దాని నిండా కలి పోసి ఇచ్చింది. ఆయన చీటీ అంటించి, తేదీ వేసి, “స్వీకరించిన స్థితి: నురగతో” అని రాసి, ఆమె చేత సంతకం పెట్టించుకున్నాడు.

“నెలపోతే మా పాప శేషవేణి వస్తాది సారూ, సైదాపురం నించి. దానికో చెంబుడు ఇయ్యాల” అంది పెంచలమ్మ. “వాళ్ళత్తగారి తోట ఇప్పుడిప్పుడే కాపుకొచ్చింది. మా ఇంటి నించి పిల్లతో బాటు పొయ్యేది ఇదొక్కటే.”

ప్రయోగశాల నివేదిక వారంలో వచ్చింది. సీసాలో ఉన్నది ఈస్టేననీ, మండలి వారు పొట్లాల్లో పంచబోయే ఈస్టుకి అది దగ్గరి చుట్టమనీ, ఇంకాస్త హుషారుగా కూడా ఉందనీ రాశారు. చెంచురామయ్య ఆ కాగితం పట్టుకుని జాయింట్ డైరెక్టరు గారి గదిలోకి దాదాపు పరుగున వెళ్ళాడు.

“మనం చెయ్యబోయే పని వాళ్ళు చేసే ఉన్నారు సార్.”

త్రివిక్రమరావు గారు నివేదిక చదివారు. ఆయన మొహంలో సంతోషం లేదు.

“పథకం ప్రారంభం కాకముందే ఫలితం ఎలా వచ్చింది? ముందు వ్యాధి. తర్వాత దరఖాస్తు. తర్వాత మంజూరు. తర్వాత ఈస్టు. ఆఖర్న ఫలితం. వీళ్ళు ఆఖరిది మొదట చేసి కూర్చున్నారు. ఇది సరాసరి క్రమోల్లంఘన.”

“ఇప్పుడేం చేద్దాం సార్?”

“గ్రామాన్ని క్రమంలోకి తేవాలి” అన్నారు త్రివిక్రమరావు గారు. “ముందుగా ప్రాథమిక కుళ్ళు స్థాపించండి.”

మార్చి పదిహేనో తారీకున వ్యాధి జీపులో తుమ్మలమిట్టకి వచ్చింది. పక్క మండలంలో నుంచి ఏరి తెచ్చిన రెండు గంపల కుళ్ళు కాయలు, ఒక్కో కాయ మీదా పచ్చటి బూజు వెల్వెట్ గుడ్డలా పరుచుకుని ఉంది. దారిలో ఎండ తగిలి నీరసించకుండా తడి గోనెలు కప్పారు. కుదుపులకి బూజు రాలిపోకుండా జీపుని ఎద్దుబండి నడకన నడిపించారు. వెనక సీటంతా గంపలకే. చెంచురామయ్య డ్రైవరు పక్కన ఒంటి పిరుదు మీద కూర్చుని వచ్చాడు.

కాయల పాక ముందు షామియానా వేశారు. త్రివిక్రమరావు గారు మైకు సరిచేసుకున్నారు.

“రైతు సోదర సోదరీమణులారా. జిల్లాలోని యావత్తు నిమ్మ గ్రామాలూ నలభై, యాభై శాతం కుళ్ళుతో ముందంజలో ఉండగా, వ్యాధి విషయంలో మీ గ్రామం ఎంతో వెనుకబడి ఉందని తెలియజేయడానికి చింతిస్తున్నాను. ఈ వెనుకబాటుతనాన్ని రూపుమాపడానికి మండలి కంకణం కట్టుకుంది. నేటి నుండి మీ గ్రామం కూడా ఇతర గ్రామాలతో సమానంగా కుళ్ళగలదని హామీ ఇస్తున్నాను.”

చప్పట్లు కొట్టమని సర్పంచి సైగ చేశాడు. కొట్టారు. రిబ్బను కత్తిరించి గంపలు పాకలో పెట్టించారు. పక్కన బోర్డు పాతారు: “ప్రభుత్వ వ్యాధి. ముట్టరాదు.”

“పెంచలక్కా, నాకొకటి అర్థం గాలా” అన్నాడు మస్తానయ్య గొంతు తగ్గించి. “ఇది మనకి రోగం వచ్చినందుకు పండగా, పొయ్యేదానికి పండగా?”

“వచ్చినంక పోగొడతారంట.”

“రాకుండా పోయి ఉండాది గదా.”

“అదే తప్పంట.”

వారం గడిచింది. ప్రభుత్వ వ్యాధి గంపలు దాటి ఒక్క అడుగు వెయ్యలేదు. చుట్టూ ఊరి కాయలు రాశులు పోసి ఉన్నాయి, ఒక్కదానికీ అంటుకోలేదు. అంటుకుంటే వ్యాధి ప్రతిష్ఠ నిలిచేది. చెంచురామయ్య రోజూ వచ్చి రిజిస్టరులో “వ్యాధి ఆరోగ్యం: అంతంతమాత్రం” అని రాసేవాడు. పాకలో గాలి ఆడకుండా పరదాలు కట్టించారు. పూటపూటా నీళ్ళు చిలకరించే మనిషిని పెట్టారు. ఇంకో గంప తెప్పించారు.

“బాలింతకి గూడా ఇంత సేవ చెయ్యరబ్బా” అన్నాడు మస్తానయ్య.

పదో రోజున త్రివిక్రమరావు గారు స్వయంగా వచ్చి, నీరసపడిన గంపల్ని చూసి, కారణం చెప్పమన్నారు. చెంచురామయ్య అబద్ధమాడే రకం కాదు. కలికుండ సంగతి చెప్పాడు. మర్నాడు కుండ ఉన్న ప్రతి ఇంటికీ నోటీసు వచ్చింది. పెంచలమ్మ నోటీసుని మస్తానయ్య గట్టిగా చదివాడు.

“తమరి గృహమందు పోషింపబడుచున్న అనధికార జీవులు, ప్రభుత్వముచే నియమింపబడిన వ్యాధి తన విధులను నిర్వర్తించుటకు ఆటంకము కలిగించుచున్నట్లు మండలి దృష్టికి వచ్చినది. కావున సదరు జీవులను, అవి వసించు కుండలు, చెంబులు, సీసాలు, గ్లాసులతో సహా, సోమవారము ఉదయము పది గంటలకు పంచాయతీ కార్యాలయము వద్ద హాజరుపరచవలెను. అచ్చట వాటిని మరుగు నీటితో శుభ్రపరచి, ఖాళీ పాత్రలు వాపసు ఇవ్వబడును.”

నోటీసు తెచ్చిన చెంచురామయ్య గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు. పెంచలమ్మ ఆయన్ని అడిగింది.

“ఈ కుండ ఏం తప్పు చేసింది సారూ?”

“కుండ కాదమ్మా. లోపలున్నవాళ్ళు.”

“మళ్ళీ మీరే తెచ్చేది అవే అంటిరి గదా.”

“అవి మంజూరైనవమ్మా.” చెంచురామయ్య నేల వైపు చూస్తూ అన్నాడు. “ఇవి మంజూరు కాలేదు.”

ఆదివారం సాయంత్రం పెంచలమ్మ ఒక చెంబుడు కలి తీసి, మూతికి గుడ్డ గట్టిగా కట్టి, గడ్డివామిలో లోపలికంటా దాచింది. అది శేషవేణి చెంబు. పాప వచ్చే దాకా అది ఒక్కటి బతికితే చాలు, కుండ మళ్ళీ నిండుతుంది. ఈ లెక్క బాగానే ఉంది గానీ, కలి దాక్కునే వస్తువు కాదు. రాత్రంతా గడ్డి వేడికి పొంగి, సోమవారం తొమ్మిదిన్నరకి, తనిఖీ వాళ్ళు వామి పక్కగా నడుస్తుండగా, మూతి గుడ్డను తన్నుకుని బయటికొచ్చింది. వాసన రోడ్డు దాకా కొట్టింది. తనిఖీ గుమస్తా చెంబు పైకెత్తి, “ఇది నలభై రెండోది” అని రాసుకున్నాడు.

పంచాయతీ ఆఫీసు ముందు గాడిపొయ్యి మీద రెండు డేగిశాల నీళ్ళు మరుగుతున్నాయి. చాకలి సోడా కలిపిన ఆ నీళ్ళు ఒక్కొక్క కుండలో పోసి, గీసి, తిప్పి కాలవలోకి ఒంపారు. నలభై ఒక్క కుండలు, ఒక చెంబు. పెంచలమ్మ కుండ వంతు వచ్చినప్పుడు తెల్ల తెట్టు ఒక్క క్షణం పైకి తేలి, ముద్దయి, జారిపోయింది. ముప్పై నాలుగేళ్ళు ఆ కుండని ఆమె ఒక్క పూటైనా ఎండనియ్యలేదు. పురిట్లో ఉన్నప్పుడూ, భర్త పోయిన పన్నెండు రోజులూ కూడా, ఎవరో ఒకరి చేత గంజి పోయించింది. ఇప్పుడు కుండని బోర్లించి చేతికిచ్చి, రసీదు రాసిచ్చారు: “కుండ ఒకటి. ఖాళీ. శుభ్రం.”

ఆమె ఆ రాత్రి అన్నం వార్చి, గంజి గిన్నె పట్టుకుని అలవాటుగా గుమ్మం దాకా వచ్చి నిలబడింది. తర్వాత గంజి గేదె కుడితిలో పోసింది.

రెండు వారాల్లో వ్యాధి కోలుకుంది. పాకలో తొలి పచ్చ మచ్చ పెంచలమ్మ రాశిలోనే కనబడింది. మొదటి తనిఖీలో నూటికి పదిహేడు. తర్వాత ఇరవై ఆరు. ఢిల్లీ పోయిన లారీ నుంచి మండీ వ్యాపారి ఫోన్ చేసి, బస్తాలు కన్నీళ్ళు కారుస్తున్నాయి, ఇంక తుమ్మలమిట్ట కాయ నాకొద్దు అన్నాడు. సైదాపురం నుంచి శేషవేణి వచ్చి, ఖాళీ కుండ చూసి, ఏమీ అడక్కుండా నాలుగు రోజులుండి వెళ్ళిపోయింది. వెళ్ళేటప్పుడు ఆమె చేతిలో చెంబు లేదు. పెంచలమ్మ కొత్తగా కలి పెట్టాలని రెండుసార్లు చూసింది. ఒకసారి నల్లబడింది, ఒకసారి పురుగు పట్టింది. అత్త చేతి కలి వేరు.

ఏప్రిల్ ఇరవై తొమ్మిదిన నూటికి ముప్పై నాలుగు వచ్చింది. ఆ సాయంత్రం జాయింట్ డైరెక్టరు గారి దగ్గర్నుంచి సర్పంచికి అభినందన సందేశం, ఊరికి రెండు కిలోల మైసూర్ పాక్ వచ్చాయి. “నిరంతర కృషితో అర్హత సాధించిన తుమ్మలమిట్ట గ్రామ ప్రజలకు శుభాకాంక్షలు” అని పెట్టె మీద రాసుంది.

“తిను పెంచలక్కా” అన్నాడు మస్తానయ్య. “మన కుళ్ళు మీద వచ్చిన స్వీటు.”

“నువ్వు తిను. నీ కాయలే ఎక్కువ కుళ్ళిండాయి.”

ఇక ఈస్టు పొట్లాలు రావాలి. అవి వచ్చే ఉన్నాయి, ఏప్రిల్ మొదట్లోనే. “చల్లని ప్రదేశంలో భద్రపరచవలెను” అని ప్రతి పొట్లం మీదా అచ్చు వేసుంది. ఆఫీసులో చల్లటి ప్రదేశం జాయింట్ డైరెక్టరు గారి గది ఒక్కటే, కానీ భద్రమైన ప్రదేశం రికార్డు గదిలోని ఇనుప బీరువా ఒక్కటే. రెండింటిలో ఏది ముఖ్యమని ఫైలు నడిచింది. భద్రమే ముఖ్యమని తేలింది. రేకుల కప్పు కింద, ఇనుప బీరువాలో, నెల్లూరు ఎండలకి ఈస్టు నలభై రోజులు భద్రంగా ఉంది.

మే పన్నెండున ప్రయోగశాల నుంచి ఒక వాక్యం వచ్చింది: పొట్లాల్లో ప్రాణంతో ఉన్నదేదీ లేదు. రాజధాని బృందం పదహారున వస్తోంది.

“చనిపోయాయని వాళ్ళు రాశారు. సరే” అన్నారు త్రివిక్రమరావు గారు. “అవి చనిపోయినా విధుల్లో కొనసాగే వీలుందా? నియమావళి చూడండి.”

చెంచురామయ్య చూశాడు. లేదు. పుస్తకం మూసి, గొంతు సవరించుకున్నాడు.

“నియమం పద్నాలుగు ప్రకారం ఒక సీసా ఉంది సార్.”

పదిహేనో తారీకు మిట్టమధ్యాహ్నం ఆయన సంచీ పట్టుకుని పెంచలమ్మ ఇంటికొచ్చాడు. అరుగు మీద కూర్చుని, సంచీలోంచి నియమావళి తీశాడు, క్యారియరు తీశాడు, ఆఖర్న గుడ్డ చుట్టిన కాఫీపొడి సీసా తీశాడు. చీటీ మీద ఆమె సంతకం ఉంది. లోపల తెల్లటి తెట్టు, దాని మీద నురగ. మూత కొంచెం వదులు చేసేసరికి బుస్సుమంది.

పెంచలమ్మ వంగి సీసాలోకి చూసింది.

“నమూనాను స్వీకరించిన స్థితిలోనే ఏడేళ్ళు కాపాడాలమ్మా. అది పద్నాలుగో నియమం” అన్నాడు చెంచురామయ్య. “స్వీకరించిన స్థితి నురగతో అని నేనే రాశాను. అందుకని నురగ పోకుండా చూడాల్సి వచ్చింది. మా ఇంటామె చేత రోజూ బియ్యం కడుగు నీళ్ళు క్యారియరు రెండో గిన్నెలో పోయించుకెళ్ళేవాణ్ణి. ‘నురగ ఉన్నది’ అని రిజిస్టరులో రోజూ రాశాను. రేపటికి డెబ్భై మూడు రోజులు.”

“ఆదివారాలో?”

“ఇంటికి తీసుకుపోయేవాణ్ణి. బయటికి పంపే వస్తువుల పుస్తకంలో రాసే తీసుకుపోయాను.”

“మా ఊరి కుండలన్నీ కడిగించినోడివి, నీ సంచీలో పెట్టుకుని తిప్పతా ఉండావా సారూ.”

“కడిగించడమూ నియమమే, తిప్పడమూ నియమమే.” ఆయన సీసా మూత బిగించాడు. “తల్లీ, కడిగించేటప్పుడు మాత్రం నేను చూడలేక అటు తిరిగి నిలబడ్డాను. అది రిజిస్టరులో రాయలేదు.”

పెంచలమ్మ సీసా కోసం చెయ్యి చాచింది. చెంచురామయ్య సీసాని మెల్లగా వెనక్కి లాక్కున్నాడు.

“ఇది ప్రభుత్వానిది. నువ్వు దరఖాస్తు పెట్టుకోవాల.”

పెట్టుకుంది. “నాకు ఈస్టు గురించి ఏమియూ తెలియదు, నేర్పించి ఆదుకొనగలరు” అని అచ్చువేసిన కాగితం కింద సంతకం చేసింది.

పదహారున మళ్ళీ షామియానా వేశారు. రాజధాని బృందం కారు దిగి, పదడుగులు వేసి, కుర్చీల్లో కూర్చుంది. త్రివిక్రమరావు గారు ముప్పై నాలుగు శాతం కుళ్ళు గంపను చూపించి, ఈ ఘోర పరిస్థితి నుండి రైతును విముక్తం చేయడానికే మండలి అవతరించిందన్నారు. తర్వాత మొదటి లబ్ధిదారుగా పెంచలమ్మను వేదిక మీదికి పిలిచి, వెండి రంగు కాగితం చుట్టిన సీసా అందించారు. ఫొటో తీశారు.

“ఇది మీకు కొత్త. భయపడవద్దు” అన్నారాయన మైకులో. “దీన్ని ఒక మట్టి పాత్రలో పోసి, బియ్యం కడిగిన నీరు దినమూ చేర్చాలి. కుండ ఎండిపోరాదు. గుర్తుంటుందా?”

“ప్రయత్నం చేస్తా సామీ.”

రాజధాని నుంచి వచ్చిన పెద్దావిడ ఒకరు వంగి అడిగారు. “ఎలా ఉందమ్మా, ప్రభుత్వం ఇచ్చిన ఈస్టు?”

పెంచలమ్మ మూత తీసి వాసన చూసింది. చూసి, కాసేపు తల ఎత్తలేదు.

“మాయత్త వాసన వస్తా ఉండాదమ్మా” అంది.

ఆవిడ ఎంతో కదిలిపోయి, రైతులకు మండలి మీదున్న ఆత్మీయతకు ఇదే నిదర్శనమని పుస్తకంలో రాసుకున్నారు.

వారానికి కుండ నిండింది. పదో రోజుకి తెట్టు కట్టింది. పెంచలమ్మ ఇంటి ముందు నలభై మంది ఆడవాళ్ళు చెంబులతో వరస కట్టారు. శేషవేణి చెంబు మాత్రం అందరికంటే ముందు నిండింది. జూన్ ఆఖరికి నూటికి సున్నా. ముప్పై నాలుగు నుంచి సున్నాకి ఆరు వారాల్లో తెచ్చినందుకు త్రివిక్రమరావు గారికి శాలువా, జ్ఞాపిక వచ్చాయి. పాక ముందు ఆ శాలువాతో తీసిన ఫొటోలో ఆయన వెనక చెంచురామయ్య ఖాళీ సీసాతో కనిపిస్తాడు. నమూనా ఏడేళ్ళుండాలి కాబట్టి, పెంచలమ్మ దగ్గర మళ్ళీ నింపించుకోవడానికి వచ్చాడు.

మళ్ళీ ఫిబ్రవరి వచ్చింది. మళ్ళీ ఫారం వచ్చింది. ఏడో గడి అక్కడే ఉంది. ఈసారి కింద చిన్న అక్షరాల్లో ఇంకో వాక్యం చేర్చారు: ముప్పై శాతానికి తగ్గిన గ్రామాలు తిరిగి క్రమంలోకి తీసుకురాబడును.

పెంచలమ్మ ఫారం చదివి, మడిచి, బొడ్లో దోపుకుంది. తోటలోకి వెళ్ళి నూరు కాయలు కోసుకొచ్చింది. అరవై తొమ్మిది కాయల్ని తెట్టు నీళ్ళలో ముంచి ఆరబెట్టింది. మిగిలిన కాయల్ని ముంచలేదు. నిమ్మముల్లు ఒకటి విరిచి తెచ్చుకుని, అరుగు మీద కూర్చుని, ఒక్కో కాయ మీదా ఒక్కో గీత గీసింది. అన్నీ ఒక గంపలో పెట్టి, పైన తడి గోనె కప్పి, చూరు కింద నీడలో ఉంచింది. పిలకాయలెవరూ ఆ గంప దగ్గరికి పోగూడదని కేకేసింది. అది గవర్నమెంటు గంప.

పన్నెండో రోజున చెంచురామయ్య వచ్చాడు. పాకలో రాశులు నిగనిగలాడుతున్నాయి. వాటి వైపు ఆయన చూడలేదు. ఒక గంప చూస్తే ఊరంతా చూసినట్టే అని నియమం. పెంచలమ్మ గోనె తీసింది. పచ్చటి బూజు వెల్వెట్ గుడ్డలా పరుచుకుని ఉంది. ఆయన లెక్క పెట్టాడు. ఏడో గడిలో “31” అని రాశాడు. కలం మూసి, ఒక కాయ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు.

“గీతలన్నీ ఒకే పొడుగున ఉన్నాయమ్మా.”

“చెయ్యి అలవాటైపోయింది సారూ.”

చెంచురామయ్య సంచీలోంచి నియమావళి తీశాడు. పులుసు మరకల పుస్తకం అట్ట నుంచి అట్ట దాకా నిదానంగా తిరగేశాడు. గీతల పొడుగు గురించి అందులో ఎక్కడా లేదు. ఊపిరి తీసుకుని పుస్తకం మూశాడు.

“ముప్పై సరిపోయేది గదా తల్లీ” అన్నాడు. “ముప్పై ఒకటి ఎందుకు?”

పెంచలమ్మ గోనె మళ్ళీ జాగ్రత్తగా కప్పింది.

“మీ ఆఫీసు దాకా పోవాల గదా సారూ. దారిలో ఒకటి బాగుపడితే మళ్ళీ ఇబ్బంది.”